తెచ్చుకున్న కోడు, మోసే ఖర్చు

ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా రాసుకున్నది కొంత, బయటి నుంచి తెచ్చి కలుపుకున్నది ఎంతో. పీడీఎఫ్ తీయడానికి ఒక లైబ్రరీ, తేదీలు లెక్కవేయడానికి ఇంకొకటి, డేటాబేసు, లాగిన్‌కు ఒక ప్యాకేజీ, అక్షరాన్ని తెరమీద గీసే ఇంజను, చివరికి ఫాంటు. అన్నీ వేరే చోట, వేరే వాళ్లు, వేరే అవసరాలకు తయారుచేసినవే. కట్టేవాడూ వాడేవాడూ కాని మూడో మనిషి సరుకు గనక వీటికి థర్డ్ పార్టీ భాగాలని పేరు. బయటి భాగాలన్నా సరిపోతుంది. వీటివల్ల మొదటి ఏడాది మిగిలే శ్రమ అందరికీ కనిపిస్తుంది. ఆ తర్వాత పది పదిహేనేళ్లు వాటిని నిలబెట్టుకోవడానికి పోయే శ్రమ ఎవరి పద్దులోనూ విడిగా కనిపించదు. ఆ రెండో ఖర్చు ఎంత, ఎవరు మోయాలి, ఎలా తగ్గించాలి అన్న చర్చ అర్ధశతాబ్దంగా సాగుతూనే ఉంది.

కృష్ణా డెల్టా శివారున, మొవ్వ, దివిసీమ వైపు సేద్యం చేసేవారికి ఈ లెక్క కొత్త కాదు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కట్టడం ఒకసారే. కాలువల్లో పూడిక, గుర్రపుడెక్క మాత్రం ఏటా పెరుగుతాయి. వేసవిలో కాలువ కట్టేసి పూడిక తీయాలి, షట్టర్లు చూసుకోవాలి. పైన ఎక్కడో లాకు పాడైతే ముందు ఎండేది శివారు చేనే. బయటి భాగాల మీద నిలబడ్డ సాఫ్ట్‌వేర్ కూడా శివారు ఆయకట్టే.

గార్మిష్ నుంచి ప్యాకేజీల దాకా

1968 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని గార్మిష్‌లో నాటో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సదస్సు జరిగింది. అక్కడ డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ ఒక ప్రతిపాదన పెట్టారు. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో రెసిస్టర్లు దొరికినట్టు, సాఫ్ట్‌వేర్ ముక్కలు కూడా రకరకాల కొలతల్లో తయారై అందుబాటులో ఉండాలని. అప్పటి బెంగ ముక్కలు దొరకడం లేదనే. రెసిస్టరును ఒకసారి అతికిస్తే దాని సంగతి మళ్లీ పట్టించుకోనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ ముక్క అలా కుదురుగా ఉండదన్న సంగతి తర్వాత మెల్లగా తేలింది.

వాడకంలో ఉన్న ప్రోగ్రామును ఎప్పటికప్పుడు మార్చుతూ ఉండకపోతే దాని ఉపయోగం తగ్గిపోతుందని 1974లో మెయిర్ లేమన్ సూత్రీకరించారు. 1976లో బర్టన్ స్వాన్సన్ నిర్వహణ పనిని మూడు రకాలుగా విడదీశారు: తప్పులు దిద్దడం, మారిన పరిసరాలకు అనుగుణంగా మార్చడం, మెరుగుపరచడం. ఆయనే లియెంట్స్‌తో కలిసి 487 సంస్థలను పరిశీలించి 1980లో వెలువరించిన పుస్తకం, తప్పులు దిద్దడం నిర్వహణలో చిన్న వాటాయేనని చూపింది. బయటి భాగాల ఖర్చు ఎక్కువగా పడేది స్వాన్సన్ చెప్పిన రెండో రకంలో. తన కోడులో తప్పేమీ లేకపోయినా, ఆనుకున్నది కదిలింది గనక తానూ కదలాల్సి రావడం.

2001లో విక్టర్ బాసిలీ, బ్యారీ బోమ్ కొనుగోలు సాఫ్ట్‌వేర్ మీద పది పరికల్పనలు ప్రకటించారు. అందులో మూడు ఈ చర్చకు పునాది. ఒక ఉత్పత్తికి సగటున ఎనిమిది తొమ్మిది నెలలకో కొత్త వెర్షన్ వస్తుంది, చివరి మూడు వెర్షన్లకే అమ్మకందారు సపోర్టు ఉంటుంది. అమర్చిన తర్వాతి ఖర్చు తయారీ ఖర్చును మించవచ్చు. కలపాల్సిన భాగాల సంఖ్య పెరిగేకొద్దీ శ్రమ ఆ సంఖ్య వర్గం మేరకు పెరగవచ్చు. చివరి మాట వెనుక లెక్క తేలికే: నాలుగు భాగాలుంటే వాటి మధ్య జతలు 6, పది ఉంటే 45. ఏ జతలోనైనా పొరపొచ్చం రావచ్చు.

ఆ రోజుల్లో భాగం తేవాలంటే కొటేషను, కొనుగోలు ఆర్డరు, మేనేజరు సంతకం ఉండేవి. పెర్ల్‌కు సీప్యాన్ (1995), పైథాన్‌కు పైపీఐ (2003), జావాస్క్రిప్ట్‌కు ఎన్‌పీఎం (2010) వచ్చాక ఒక్క వరుస ఆదేశంతో భాగం వచ్చి కూర్చుంటోంది, తనతోపాటు తన బంధువర్గాన్నీ తెస్తోంది. 2016 మార్చి 22న ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్-ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని దాని రచయిత ఉపసంహరించుకోగానే ప్రపంచమంతటా బిల్డులు నిలిచిపోయాయి. దాని పేరు కూడా వినని బృందాల పని ఆగింది. మెక్‌ఇల్‌రాయ్ కోరిన దుకాణం వచ్చింది గానీ, గుమ్మం దగ్గర ఆపి అడిగేవారు లేకుండా వచ్చింది.

ఖర్చు ఎక్కడ దాక్కుంటుంది

మొదటిది కాపలా ఖర్చు. ఏ భాగానికి ఏ వెర్షన్ వచ్చింది, ఏ లోపం బయటపడింది అని ఎవరో ఒకరు చూస్తూనే ఉండాలి. 2017 మార్చిలో అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లోని లోపానికి ప్యాచ్ వచ్చింది. అమెరికా రుణ సమాచార సంస్థ ఈక్విఫాక్స్ ఒక వ్యవస్థలో దాన్ని వేయలేదు. మే నెలలో చొరబాటుదారులు ఆ దారినే లోపలికొచ్చారు, సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ప్యాచ్ ఉచితమే. అది కావలసిన చోటు తమ ఇంట్లో ఎక్కడుందో తెలుసుకోవడమే ఖరీదు.

రెండోది తొందర ఖర్చు. 2021 డిసెంబరులో లాగ్4జె అనే జావా లాగింగ్ లైబ్రరీలో లోపం బయటపడింది. 2013లో చేర్చిన ఒక సౌకర్యంలో ఎనిమిదేళ్లు దాగిన లోపమది. 2.15, 2.16, 2.17, 2.17.1 అంటూ ఆ ఒక్క నెలలోనే సవరణ మీద సవరణ వచ్చింది. చాలా బృందాలు లాగ్4జెను నేరుగా తెచ్చుకోలేదు. తెచ్చుకున్న ఇంకేదో దాన్ని వెంటబెట్టుకొచ్చింది. ఏ మూల ఉందో వెతకడానికే రోజులు పట్టింది.

మూడోది లైసెన్సు మార్పు. సర్వర్ల అమరికకు వాడే టెర్రాఫార్మ్ 2023 ఆగస్టులో, రెడిస్ డేటాబేసు 2024 మార్చిలో షరతులు మార్చాయి. వెంటనే ఓపెన్‌టోఫు, వాల్కీ అనే చీలికలు పుట్టాయి. కోడులో అక్షరం మారకపోయినా వాడే సంస్థకు లాయరుతో, మేనేజరుతో కూర్చునే పని పడింది. నాలుగోది ఆయుష్షు తీరడం: పైథాన్ 2కు 2020 జనవరి 1, ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31, ఆంగ్యులర్‌జెఎస్‌కు 2021 డిసెంబరు 31. ఈ తేదీలు ముందే చెప్పినవి. అయినా ఆ తేదీ దాటాక కూడా వాటి మీదే నడుస్తున్న అప్లికేషన్లు ఎన్నో మిగిలాయి.

ఒక మాట ఇక్కడ చెప్పుకోవాలి. ఈ ఖర్చే తెలుగు నేల మీద వేల కుటుంబాలకు జీవిక. 1990ల చివర వై2కె (2000 సంవత్సరపు తేదీల) దిద్దుబాటు మొదలు ఇవాళ్టి వెర్షన్ అప్‌గ్రేడ్‌ల దాకా, గుడివాడ, బందరు నుంచి హైదరాబాదుకూ అమెరికాకూ వెళ్లినవారిలో ఎందరో చేసేది ‘సపోర్టు ప్రాజెక్టు’ పనే. కొత్తగా కట్టే పని కన్నా దీన్ని తక్కువగా చూసే అలవాటు పరిశ్రమలో ఉంది. అది అన్యాయం. ఎక్కడ ఏది దేన్ని ఆనుకుని ఉందో నిజంగా తెలిసినవారు వాళ్లే.

తెలుగు అక్షరం చెప్పే లెక్క

బయటి భాగం మీద ఆధారపడటం దీర్ఘకాలంలో ఏం చేస్తుందో చూడటానికి తెలుగు కంప్యూటింగు కన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. కంప్యూటర్లో తెలుగు చూపించే ప్రతి ప్రోగ్రామూ ఇంకొకరి ఫాంటు మీద, ఇంకొకరి సంకేత పట్టిక మీద, ఇంకొకరి అక్షరాల ఇంజను మీద ఆధారపడింది.

తొలి దశ డీటీపీ దశ. పేజ్‌మేకర్, దానికి తోడు అనువంటి తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్: పెళ్లి శుభలేఖ నుంచి పక్షపత్రిక దాకా ఈ జంట మీదే తయారైంది. అప్పటి ఫాంట్లలో ఉండేవి 256 గదులు. తెలుగు గుణింతాలు, ఒత్తులు అందులో పట్టవు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేసి, ఇంగ్లీషు అక్షరాల గదుల్లో ఆ ముక్కలు కూర్చారు. ‘మ’నే రెండు ముక్కలుగా గీసిన ఫాంట్లున్నాయి. ఏ ముక్క ఏ గదిలో ఉండాలన్నది ఒక్కో కంపెనీ ఇష్టం. ఒకే కంపెనీలో కూడా వెర్షన్ మారితే గదులు మారేవి. అను 6కు, అను 7కు వేర్వేరు కన్వర్టర్లు కావలసి వచ్చింది అందుకే.

అంటే ఫైల్లో దాచినది తెలుగు కాదు, ఆ ఫాంటు గదుల నంబర్లు. క్షేత్రయ్య పదాలన్నీ అలా కూర్చిన ఫైలు ఒకటుందనుకుంటే, ‘మువ్వగోపాల’ ముద్ర ఎన్ని పదాల్లో వచ్చిందో అందులో వెతకడం కుదరదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే కనిపించేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. 2004లో అడోబీ దాన్ని ముందుకు తీసుకెళ్లడం మానేసింది. ఆ ఫైళ్లు తెరవడానికి పాత విండోస్ ఉన్న కంప్యూటర్‌ను మూలన పెట్టి కాపాడుకునే డీటీపీ సెంటర్లు తెలుగు ఊళ్లలో కనిపిస్తాయి. ఆ పెట్టె కూడా నిర్వహణ ఖర్చే.

యూనికోడ్ రెండో దశ. 1991లో వచ్చిన తొలి ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాల గది దక్కింది. దాని అమరికకు ఆధారం 1988 నాటి భారతీయ ఇస్కీ ప్రమాణం. ఈ పద్ధతిలో ‘మొవ్వ’ అంటే అయిదు సంకేతాలు: మ, ఒత్వం, వ, పొల్లు, వ. ఏ ఫాంటు మార్చినా ఫైల్లో ఆ అయిదే ఉంటాయి. సమాచారం ఒక కంపెనీ చేతిలోంచి బయటపడి ఉమ్మడి ప్రమాణంలోకి వచ్చింది. విండోస్ ఎక్స్‌పీతో (2001) గౌతమి ఫాంటు వచ్చింది, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా యూనికోడ్‌లోనే మొదలైంది.

అయితే దినపత్రికల వెబ్‌సైట్లు ఇంకా చాలాకాలం తమతమ సొంత ఫాంట్లతోనే నడిచాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ను వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ పొడిగింపుగా రాశారు. ఒక బయటి భాగం తెచ్చిన చిక్కును విప్పడానికి పుట్టిన ఆ పరికరం ఇంకో బయటి వేదిక మీద నిలబడింది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా పొడిగింపులన్నిటినీ నిలిపేసింది. పద్మ పుట్టింది ఆ పాత తరహాలోనే. కానీ దాని అక్షరమార్పిడి కోడును వీవెన్ తన ‘లేఖిని’లో కలుపుకున్నారు. మామూలు వెబ్ పేజీగా నడిచే లేఖినికి ఫైర్‌ఫాక్స్ మార్పు తగల్లేదు. వేదిక పోయినా పనిముట్టు బతకవచ్చని ఈ జంట చూపుతుంది, ఎవరో దాన్ని విడదీసి తమ ఇంట్లో పెట్టుకుంటే.

ప్రమాణం కూడా కదలకుండా ఉండదు. ౘ, ౙ అక్షరాలు 2008 నాటి యూనికోడ్ 5.1లో చేరాయి, నకార పొల్లుకు 2021 నాటి 14.0లో స్థానం దొరికింది. మొవ్వ మండలంలోని కూచిపూడితో గట్టి అనుబంధమున్న తెలుగు సాంస్కృతిక సంస్థ సిలికానాంధ్ర 2013 ప్రాంతంలో మండలి, రామభద్ర, మల్లన్న, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. అయినా 2013 నాటి ఫాంటులోకి 2021 నాటి అక్షరం దానంతట అది రాదు. ఎవరో కూర్చుని గీయాలి, ఒత్తులతో కలిపి పరీక్షించాలి. లైసెన్సు ఆ పనికి అడ్డు తొలగిస్తుంది, ఆ పని చేసిపెట్టదు. గౌతమి కథ ఇంకో తీరు. విండోస్ 10లో అది కోరుకుంటేనే వచ్చే అదనపు ఫాంట్ల మూటలోకి వెళ్లింది. ప్రతి విండోస్‌లోనూ గౌతమి ఉంటుందని నమ్మి రాసిన ప్రోగ్రాముల లెక్క తప్పింది.

ఇక 2018 ఫిబ్రవరి. జ, పొల్లు, ఞ, ఆపైన కంటికి కనబడని విడదీసే సంకేతం, ఆ తర్వాత దీర్ఘం: ఈ వరుసలో వచ్చిన ‘జ్ఞా’ తెరమీదికి రాగానే ఐఫోన్లలో అప్లికేషన్లు కూలిపోయాయి. వాట్సాప్, మెసెంజర్ వంటివి రాసినవారి తప్పు అందులో ఏమీ లేదు. అక్షరం గీసేది ఆపిల్ ఇంజను, లోపం అక్కడుంది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా వాళ్లు చేయగలిగింది దాదాపు శూన్యం. ప్రపంచమంతా దాన్ని తెలుగు అక్షరం తెచ్చిన చేటుగా చెప్పుకుంది. అసలు నేరం అక్షరానిది కాదు. తక్కువమంది వాడే లిపిలో పరీక్షలు పలచగా ఉంటాయి. శివారు చేనుకు నీళ్లు ఆఖరున చేరినట్టే, తెలుగువంటి లిపులకు శ్రద్ధ ఆఖరున చేరుతుంది. ఒకే బయటి భాగం ఇంగ్లీషు వాడేవారి మీద మోపే బరువు, తెలుగు వాడేవారి మీద మోపే బరువు సమానం కావు. ఖర్చు గురించి వచ్చిన పాశ్చాత్య రచనల్లో ఈ సంగతికి దక్కిన చోటు చాలా తక్కువ.

ప్రధాన వాదాలు

తెచ్చుకోవడమే మేలన్నది మొదటి వాదం. వెయ్యిమంది వాడే కోడులో లోపాలు త్వరగా బయటపడతాయి. సొంతంగా రాస్తే నిర్వహణ కూడా సొంతమే. సంకేత గుప్తీకరణ, లిపి ఇంజను వంటి కఠినమైన పనుల్లో ఈ వాదానికి ఎదురు లేదు. హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా ఇంజను ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్‌లలో తెలుగు గీస్తోంది. అందులో ఒత్తుల లోపం ఒకసారి దిద్దితే అన్నిచోట్లా దిద్దినట్టే.

వీలైనంతవరకు సొంతంగా రాసుకోవాలన్నది రెండోది. డేవిడ్ పార్నాస్ 1972లో చెప్పిన సూత్రం, మారే అవకాశమున్న నిర్ణయాన్ని ఒక గోడ వెనుక దాచమనేది, దీనికి బలం. చిన్న అవసరానికి పెద్ద భాగం తేవడం కన్నా నాలుగు వరుసలు నకలు చేసుకోవడం నయమని గో భాష బృందం వాదిస్తూ వచ్చింది. అదే బృందంలోని రస్ కాక్స్ 2019లో డిపెండెన్సీల ప్రమాదం మీద విపులంగా రాశారు. లెఫ్ట్-ప్యాడ్ విషయంలో ఈ పక్షానిదే గెలుపు. లేఖిని విషయంలోనూ కొంతమేర అంతే.

తెచ్చుకున్నాక ఏం చేయాలన్న దగ్గర మరో చీలిక వస్తుంది. వెర్షన్ బిగించి, పనిచేస్తున్నదాన్ని కదపకూడదని ఒక పక్షం. ప్రతి వారం కొంచెం కొంచెం మార్చుకుంటూ పోవాలని ఇంకో పక్షం. బిగించినవాడికి ఏళ్ల తరబడి ప్రశాంతత, ఒకరోజు ఒక్కసారిగా నాలుగు వెర్షన్ల గెంతు. నిత్యం మార్చేవాడికి రోజూ కాస్త చిరాకు, అప్పుడప్పుడు కొత్త వెర్షన్‌లో దాగిన విషం. 2024 మార్చి 29న, లైనక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ 5.6.0, 5.6.1లలో దొంగదారి ఉందని బయటపడింది. అలసిపోయిన ఒకే ఒక్క నిర్వాహకుడికి సాయం పేరుతో రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించిన వ్యక్తి పెట్టినది. లాగిన్‌లో అర సెకను జాప్యం గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు దాన్ని పట్టుకున్నారు. ఆ వారం పాత వెర్షన్ వాడుతున్నవారే భద్రంగా ఉన్నారు. ఈక్విఫాక్స్ పాఠం, ఎక్స్‌జెడ్ పాఠం ఒకదానికొకటి ఎదురు. అందుకే ఈ రెండు పక్షాల్లో ఏదీ పూర్తిగా నెగ్గలేదు. వెర్షన్ నంబరులోనే మార్పు తీవ్రతను చెప్పే పద్ధతి మధ్యేమార్గంగా వచ్చినా, నిర్వాహకుడు చిన్నదనుకున్న మార్పు కూడా ఎక్కడో ఎవరినో దెబ్బతీస్తుంది. ఫాంటులో ఒక అక్షరం వెడల్పు వెంట్రుకవాసి మారితే చాలు, మూడువందల పేజీల పుస్తకంలో వరుసలన్నీ జారిపోతాయి.

పై పక్షాలన్నీ ఖర్చును ఎవరికి వారు తగ్గించుకోవడం గురించే మాట్లాడతాయి. మూల భాగాన్ని ఉమ్మడిగా పోషించాలన్నది ఆఖరి వాదం. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడేనాటికి, అది దాగిన, ప్రపంచ ఇంటర్నెట్ భద్రతకు ఆధారమైన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. ఆ సిగ్గుతోనే లైనక్స్ ఫౌండేషన్ నిధి ఏర్పాటుచేసింది. 2022లో జర్మనీ ప్రభుత్వం ఇటువంటి భాగాల కోసమే ఒక నిధి పెట్టింది. నీటి సంఘం చందా లేకుండా కాలువ నిలవదన్న ఎరుకే ఇది. అన్ని వాదాల్లోనూ రోగమూలానికి దగ్గరగా వెళ్లింది ఇదే, ఆచరణలో అన్నిటికన్నా వెనుకబడిందీ ఇదే.

తేలని సంగతులు

కొలత ఇంకా కుదరలేదు. కొత్త సౌకర్యం కట్టడానికి పోయిన గంటలు టైంషీటులో పడతాయి, వెర్షన్ సర్దుబాటుకు పోయినవి ‘ఇతర పనులు’లో కలిసిపోతాయి. భాగాల సంఖ్య వర్గం మేరకు శ్రమ పెరుగుతుందన్న 2001 నాటి మాట నేటికీ పరికల్పనే. వేల చిన్న ప్యాకేజీలు ఒకదానిలో ఒకటి దూరిన నేటి సాఫ్ట్‌వేర్‌కు అది యథాతథంగా వర్తిస్తుందని చెప్పలేం.

బాధ్యత ఎవరిదన్నది చట్టాల దగ్గరికి చేరింది. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగాలున్నాయో జాబితా ఉండాలని 2021 మేలో అమెరికా అధ్యక్ష ఉత్తర్వు కోరింది. భారత్‌లో కంప్యూటర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో ఇటువంటి జాబితాకు మార్గదర్శకాలిచ్చింది. 2024లో అమల్లోకి వచ్చిన యూరప్ సైబర్ రెసిలియన్స్ చట్టం తయారీదారుడి మీద ఏళ్లపాటు నవీకరణ బాధ్యత మోపుతుంది. ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు నుంచి వర్తిస్తాయి. జాబితా కాపలా ఖర్చును తగ్గిస్తుంది. దిద్దే ఖర్చు మీద దాని ప్రభావం ఎంతన్నది చూడాల్సే ఉంది. కోడు రాసిపెట్టే కృత్రిమ మేధ పరికరాలు చిన్న ప్యాకేజీల అవసరాన్ని తగ్గిస్తాయనే ఆశ ఒకటుంది. అలా పుట్టిన కోడును ఎవరు మోస్తారన్న ప్రశ్న మాత్రం అలాగే మిగులుతుంది.

అన్నిటికన్నా తక్కువగా చర్చకు వచ్చింది సమాచారం సంగతి. లైబ్రరీని మార్చడం కష్టమైనా దానికో ముగింపు ఉంటుంది. ఆ భాగం పద్ధతిలో దాచిన సమాచారం భాగం పోయాక కూడా ఉంటుంది. తెలుగు ఫాంట్ల అనుభవంలో తేలిందిదే: ఇంజను, ఫాంటు, బ్రౌజరు ఏవి మారినా యూనికోడ్‌లో ఉన్న పాఠ్యం మిగిలింది, కంపెనీ గదుల్లో ఉన్నది మిగల్లేదు. కాబట్టి ఒక భాగాన్ని తెచ్చుకునే ముందు దాని ధర, నాణ్యతల కన్నా, అందులో పోసిన సమాచారం దాని సాయం లేకుండా బయటికి వస్తుందా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న. ఎంపిక పట్టికల్లో ఈ గడి తరచూ ఖాళీగానే ఉంటోంది.

పాత ఫైళ్ల విషయంలో మిగిలింది కన్వర్టర్ల పని. ఒత్తు తారుమారైతే దిద్దాలి, ఫాంటు వెర్షన్ తేడా కనిపెట్టాలి, మారిన పాఠాన్ని అచ్చుతో పోల్చి ఒకరు చదవాలి. కన్వర్టరుకూ వెర్షన్లుంటాయి, దానికీ ఒక బ్రౌజరో విండోసో ఆధారం. డీటీపీ సెంటర్ల హార్డ్ డిస్కుల్లో ఉన్న పుస్తకాల్లో ఆఖరిది యూనికోడ్‌లోకి వచ్చేదాకా ఆ కన్వర్టర్లనూ ఎవరో ఒకరు నిలబెట్టుకుంటూ రావాలి.